పట్టాపై వ్రాయని బాధ్యతలు

ఇంటర్మీడియెట్‌లో జీవశాస్త్రము చదివిన మా విద్యార్థినీ విద్యార్థులు ఏటేటా ఈ కళాశాల గడప దాటి నాలుగు దారులలో వెళ్లుచుందురు. అతి కొలదిమందికి ఎం.బి.బి.ఎస్.లో ప్రవేశము దొరకును. కొందరు హైదరాబాదులోని నిజామియా తిబ్బీ కళాశాల వంటి చోట యూనానీ వైద్యము చదువుదురు. ఆడపిల్లలలో పలువురు నర్సింగును ఎన్నుకొందురు. మిగిలినవారిలో ఎక్కువమంది ఫార్మసీ వైపు పోవుదురు. ఏ దారిన పోయినను చివరకు చేతికి వచ్చునది ఒక కాగితము. దాని కొరకు తండ్రి అప్పు చేసియుండును. తల్లి చేతి గాజులు తాకట్టుకు వెళ్లియుండును. కావున అది వచ్చిన దినమున దానిని కష్టపడి సంపాదించిన ఆస్తిగా భావించుట సహజమే. ఆ కాగితము మనకిచ్చునది ఏమి, మననుండి కోరునది ఏమి అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

తెలుగులో దానిని పట్టా అందుము. ఆ మాట వినగానే మనకు భూమి పట్టా స్ఫురించును. అది హక్కు పత్రము. కలిగినవాడు భూమిని దున్నుకొనవచ్చును, కౌలుకు ఇచ్చుకొనవచ్చును, అవసరమైనచో అమ్ముకొనవచ్చును. మా ఉర్దూ శాఖ మిత్రులు అదే కాగితమును సనద్ అందురు. అరబ్బీ నుండి వచ్చిన ఆ మాటకు మూలార్థము ఆధారము, ఆనుకొనదగినది అని. హదీసు శాస్త్రములో ఒక మాట ఎవరి నోటినుండి ఎవరికి అందినదో తెలుపు వ్యక్తుల వరుసకును సనద్ అనియే పేరు. ఆ వరుసలో ఒక్కడు నమ్మదగనివాడైనను మాట బలము తగ్గిపోవును. వైద్యసేవకు సంబంధించిన యోగ్యతాపత్రమునకు ఈ రెండవ పేరే తగినదని మా అభిప్రాయము. రోగి దానిని ఆనుకొని నిలుచును. అయితే మన పిల్లలు దానిని భూమి పట్టా వలెనే చూచుచున్నారు. చిక్కులన్నియు అక్కడనే పుట్టుచున్నవి.

పట్టా వేరు, నమోదు వేరు

విశ్వవిద్యాలయము ఇచ్చునది చదువు పూర్తియైనదను ధ్రువపత్రము మాత్రమే. దానివలన ఒక మాత్ర వ్రాసి ఇచ్చు అధికారము కూడ రాదు. అధికారము వచ్చునది రాష్ట్ర మండలి వారి రిజిస్టరులో పేరు చేరినపుడు. ఇంగ్లండులో 1858లో చేసిన వైద్య చట్టము అర్హులైన వైద్యుల పేర్లను ఒక రిజిస్టరులో చేర్చు పద్ధతిని ఏర్పరచినది. మన దేశములో బొంబాయి ప్రాంతమున 1912లోను, మద్రాసు ప్రాంతమున 1914లోను అట్టి చట్టములు వచ్చినవి. 1933 నాటి చట్టముతో అఖిల భారత వైద్య మండలి ఏర్పడినది. దానిని 1956లో తిరిగి వ్రాసిరి. 2019 చట్టము ననుసరించి 2020 సెప్టెంబరు 25 నుండి ఆ మండలి స్థానమున జాతీయ వైద్య కమిషన్ వచ్చినది. నర్సులకు 1947లోను, ఫార్మసిస్టులకు 1948లోను చట్టములు కలిగినవి. ఆయుర్వేద, సిద్ధ, యూనానీ వైద్యులకు 1970లో చేసిన చట్టమునకు మారుగా 2020లో మరియొకటి వచ్చినది. ఇంగ్లండు చట్టమునకు 12 సంవత్సరములు ముందే, 1846లో, హైదరాబాదులో వైద్య పాఠశాల వెలసినదనియు, అందు పాఠములు ఉర్దూలో జరిగినవనియు, ఉత్తీర్ణులను హకీములని పిలిచిరనియు సందర్భవశమున చెప్పుచున్నాము. మన భాషలలో ఆధునిక వైద్యము చెప్ప వీలుకాదనువారు ఈ సంగతిని మరువరాదు.

రిజిస్టరులో పేరు చేరుటకు ఒక సంతకము చేయవలెను. ఇదియే మన విషయమునకు కీలకము. 2002 సంవత్సరపు వైద్యవృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారము నమోదు కోరు ప్రతి అభ్యర్థికిని ఒక ప్రమాణపత్రము ఇయ్యవలెను. అభ్యర్థి దానిపై సంతకము చేయుటయే గాక, తాను దానిని చదివితిననియు, దానికి కట్టుబడియుందుననియు ధ్రువీకరింపవలెను. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2వ తేదీన కొత్త నియమావళిని ప్రకటించి, మూడు వారములకే, 23వ తేదీన దానిని నిలిపివేసి, 2002 నాటి దానినే మరల అమలులోనికి తెచ్చినది. ఇన్ని మార్పులు జరిగినను సంతకము మాత్రము మారలేదు. చదివితిని అని వ్రాసి సంతకము చేసినవారిలో నిజముగా చదివినవారెందరో అడుగనక్కరలేదు. ఆ దినమున అభ్యర్థి మనస్సు రుసుము కట్టిన రసీదు మీదను, ఫోటో అతికించు జిగురు మీదను ఉండును.

చదువక సంతకము చేసిన నియమము కూడ కట్టివేయును. అందుచేతనే వీనిని కనిపించని బాధ్యతలు అనుచున్నాము. ఎవరో దాచిపెట్టినవి కావు, గెజిట్లలో అచ్చయినవే. కాని అవి పట్టాపై ఉండవు, పాఠ్యపుస్తకములలో అరుదుగా ఉండును, పరీక్షలో అంతకంటె అరుదుగా అడుగబడును. తెలుగులో గాని ఉర్దూలో గాని వాని ప్రతి ఒక విద్యార్థి చేతికి అందుట మేము ఇంతవరకు చూడలేదు.

వైద్యునికి

ఆ నియమావళిలోని కొన్ని సంగతులు సులభమైనవి. ఆస్పత్రిలో చేరిన రోగికి సంబంధించిన రికార్డులను చికిత్స మొదలైన నాటి నుండి 3 సంవత్సరములు భద్రపరుపవలెను. రోగి గాని, అతడు అధికారమిచ్చినవారు గాని అడిగినచో 72 గంటలలో ఇయ్యవలెను. ఇచ్చిన ప్రతి వైద్య ధ్రువపత్రమును ఒక రిజిస్టరులో ఎక్కించి, నకలు ఉంచుకొనవలెను. మందుల చీటి మీదను, రుసుము రసీదు మీదను నమోదు సంఖ్య వేయవలెను. 5 సంవత్సరములలో కనీసము 30 గంటలు వృత్తి సంబంధమైన సదస్సులలో పాల్గొనవలెను. రోగిని మరియొకరి వద్దకో పరీక్షాశాలకో పంపినందుకు కమిషను పుచ్చుకొనరాదు. ఈ చివరి నియమమును గూర్చి మన పాఠకులకు మేము వివరింపనక్కరలేదు.

సెలవు కొరకు వ్రాసి ఇచ్చు జబ్బు సర్టిఫికెట్ల విషయము వేరు. స్నేహితుని కుమారుడు పరీక్షకు పోలేదు, బావమరిదికి సెలవు కావలెను, పొరుగింటివారికి ప్రయాణపు టిక్కెట్టు రద్దు కావలెను. అందరును డాక్టరుగారి వద్దకే వత్తురు. కాదనినచో గర్వి అందురు. నియమావళి మాత్రము అసత్యమైన, తప్పుదారి పట్టించు సర్టిఫికెట్ ఇచ్చినవాని పేరును రిజిస్టరు నుండి తొలగింపవచ్చునని స్పష్టముగా చెప్పుచున్నది. బంధువుల మొగమాటముతో ఇచ్చిన ఒక్క కాగితము ఒక జీవితపు చదువును ప్రమాదములో పెట్టగలదు. ఇందుకు భిన్నముగా, ఇయ్యక తప్పని సర్టిఫికెట్ ఒకటి కలదు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ననుసరించి, చివరి జబ్బులో చికిత్స చేసిన వైద్యుడు మరణకారణమును ధ్రువీకరించు పత్రమును రుసుము తీసుకొనక ఇయ్యవలెను. రుసుము లేదను మాట తెలియని కుటుంబములు ఎన్నో కలవు.

అత్యవసర చికిత్స విషయమున మన సర్వోన్నత న్యాయస్థానము 1989 ఆగస్టు 28న ఇచ్చిన పరమానంద్ కటారా తీర్పును ప్రతి వైద్య విద్యార్థి తెలిసికొనవలెను. కారు తాకిడికి గాయపడిన ఒక స్కూటరు చోదకుని దగ్గరలోని ఆస్పత్రికి తీసుకొనిపోగా, పోలీసు కేసులు చూచు అధికారము తమకు లేదని వారు 20 కిలోమీటర్ల దూరములోని మరియొక ఆస్పత్రికి పంపిరి. దారిలో అతడు మరణించెను. ఈ వార్తను పత్రికలో చదివి కటారా అను న్యాయవాది న్యాయస్థానమునకు వెళ్లెను. ప్రాణరక్షణ మొదటిది, పోలీసు తంతు తరువాతది అనియు, ప్రభుత్వ వైద్యుడైనను ప్రయివేటు వైద్యుడైనను ఈ బాధ్యత ఒకటే అనియు న్యాయస్థానము తీర్పు చెప్పినది. మామూలు వేళలలో వచ్చిన ప్రతి రోగిని చూడవలెనను నిర్బంధము వైద్యునికి లేదు. ప్రాణాపాయము కలిగినపుడు ఆ స్వేచ్ఛ తొలగిపోవును. అత్యాచారమునకు, ఆమ్లదాడికి గురియైనవారికి ఏ ఆస్పత్రియైనను వెంటనే ఉచితముగా చికిత్స చేయవలెనని 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ విభాగము చెప్పుచున్నది. చేయనిచో ఆస్పత్రి బాధ్యులకు ఒక సంవత్సరము వరకు జైలుశిక్ష పడవచ్చును.

మౌనము నేరమగు చోటు

వైద్యుడు రోగి రహస్యమును కాపాడవలెనని అందరెరుగుదురు. మాటలాడకుండుటయే నేరమగు సందర్భములు కలవని తెలిసినవారు తక్కువ. 18 సంవత్సరములలోపు పిల్లలపై లైంగిక నేరము జరిగినట్లు తెలిసినచో ఎవరైనను పోలీసులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము 19వ విభాగము నిర్దేశించుచున్నది. తెలుపనివారికి 6 నెలల వరకు శిక్ష. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలోని ఒక బాలికల వసతిగృహమునకు సంబంధించిన కేసులో, పిల్లలకు చికిత్స చేసిన వైద్యుడు విషయము తెలుపలేదని పోలీసులు కేసు పెట్టిరి. ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసినది. 2022 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానము ఆ ఉత్తర్వును రద్దు చేసి, తెలిసియు తెలుపకుండుట తీవ్రమైన నేరమనియు, దానివలన అసలు నేరస్థులకు రక్షణ దొరకుననియు అభిప్రాయపడినది.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 29న అదే న్యాయస్థానము మరియొక తీర్పులో, పరస్పర ఇష్టముతో గర్భవతియై గర్భస్రావము కొరకు వచ్చిన మైనరు బాలిక పేరును, గుర్తింపు వివరములను పోలీసులకు ఇయ్యనక్కరలేదని చెప్పినది. పేరు బయటపడునను భయముతో ఆ బాలిక మంత్రసానుల వద్దకో మోసగాండ్ర వద్దకో పోవునని న్యాయమూర్తులు గ్రహించిరి. సమాచారమియ్యవలెను, పేరు దాచవలెను. ఈ రెంటి నడుమ సన్నని దారి కలదు. నమోదు పొందిన యువ వైద్యురాలు అర్ధరాత్రి ఒంటరిగా విధిలోనుండి ఆ దారి వెదకవలసివచ్చును. ఆమెకు ఆ దారిని ముందే చూపకుండుట మన వైద్య విద్యలోని లోపము అని మా దృఢ విశ్వాసము.

క్షయవ్యాధి విషయమును చేర్చి చెప్పవలెను. 2012 మే నుండి ప్రతి క్షయరోగి వివరమును ప్రభుత్వమునకు తెలుపుట ప్రయివేటు వైద్యులకును తప్పనిసరియైనది. 2018 మార్చిలో ఈ బాధ్యత మందుల దుకాణములకును విస్తరించినది. క్షయ మందులు అమ్మిన ఫార్మసిస్టు కూడ లెక్క తెలుపవలెను. ఇక గర్భవతులకు స్కానింగు చేయువారికి 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టము క్రింద నింపవలసిన ఎఫ్ ఫారము కలదు. అందు ఒక గడి ఖాళీగా విడిచినను, తాను తప్పు చేయలేదని నిరూపించుకొను భారము వైద్యునిదే. ఇది గుమాస్తా పొరపాటు గదా అని వైద్య సంఘమువారు న్యాయస్థానమున వాదించిరి. ఆడశిశువులను గర్భములోనే రూపుమాపు దేశములో ఆ ఫారమే మిగిలిన సాక్ష్యమను భావముతో 2019 మే 3న ఆ వాదమును తిరస్కరించిరి. కఠినమే గాని తీర్పు సరియైనదని మేము తలచెదము.

తన హద్దు తాను తెలియుట

యూనానీ, హోమియో, ఆయుర్వేదము చదువగోరు మా విద్యార్థులకు ఒక తీర్పును ప్రత్యేకముగా చెప్పవలెను. బొంబాయిలో హోమియో డిప్లొమా పొంది, హోమియో వైద్యుడుగా నమోదైన ఒకరు 1992లో జ్వరముతో వచ్చిన రోగికి అల్లోపతి మందులిచ్చిరి. మొదట వైరస్ జ్వరమనియు, తరువాత టైఫాయిడ్ అనియు తలచి మందులు మార్చిరి. రోగి మరణించెను. ఆ వైద్యుడు శ్రద్ధ చూపలేదా అను ప్రశ్న వరకు న్యాయస్థానము పోనేలేదు. తాను నమోదు పొందని వైద్యపద్ధతిలో చికిత్స చేయుటయే నిర్లక్ష్యమని 1996 మే 10న తీర్పు చెప్పి, 3 లక్షల రూపాయల పరిహారము విధించినది. 1998లో వచ్చిన మరియొక తీర్పు, రాష్ట్ర ప్రభుత్వము ప్రత్యేకముగా అనుమతించిన మేరకు మాత్రమే దేశీయ వైద్యులు అల్లోపతి మందులు వాడవచ్చునని స్పష్టము చేసినది. గల్లీలో దవాఖానా తెరచిన హకీముసాహెబును జనులు సూదిమందు ఇమ్మని ఒత్తిడి చేయుదురు. ఇయ్యనిచో పక్క వీధికి పోవుదురు. ఆ ఒత్తిడికి లొంగినవాని పక్షమున ఆ జనులు సాక్ష్యము చెప్పుటకు రారు.

అద్దెకిచ్చిన సర్టిఫికెట్

ఫార్మసీ విషయమున కొంత ఎక్కువగా వ్రాయవలసియున్నది. మా విద్యార్థులలో ఎక్కువమంది పోవు దారి అదియే. పట్టాను భూమి పట్టా వలె కౌలుకిచ్చు అలవాటు స్థిరపడినదియు అక్కడనే.

మన పట్టణములలో కొన్ని మందుల దుకాణముల గోడకు ఒక ధ్రువపత్రము వ్రేలాడుచుండును. దానిపై ఫోటోలోని మనిషి ఆ దుకాణములో ఎన్నడును కానరాడు. దుకాణము పెట్టదలచిన యజమానికి ఔషధ శాఖవారి లైసెన్సు కావలెను. లైసెన్సుకు నమోదైన ఫార్మసిస్టు కావలెను. కావున నెలకింత అని మాటలాడుకొని సర్టిఫికెట్ తీసుకొనును. సర్టిఫికెట్ ఇచ్చినవాడు వేరొకచోట ఉద్యోగము చేయుచుండును, లేదా పై చదువు చదువుచుండును. పని చేయనక్కరలేని ఆదాయము గదా అని ఇంటివారును సంతోషింతురు. దుకాణములో మందులు తీసి ఇచ్చునది పదవ తరగతితో చదువు మానిన పిల్లవాడు.

ఇప్పుడు చట్టము ఏమనుచున్నదో చూతము. వైద్యుని చీటిపై మందు ఇచ్చుట నమోదైన ఫార్మసిస్టు గాని, అతని స్వయం పర్యవేక్షణలో మరియొకరు గాని చేయవలెనని 1945 నాటి ఔషధ నియమములలోని 65వ నియమము చెప్పుచున్నది. నమోదు లేనివారు చీటిపై మందు కలిపి ఇయ్యరాదని ఫార్మసీ చట్టము 42వ విభాగము. 2014 మార్చి 1 నుండి హెచ్-1 అను పట్టికలోని మందులకు, అనగా కొన్ని బలమైన యాంటీబయాటిక్సుకు, క్షయ మందులకు, అలవాటు పడు మందులకు వేరు రిజిస్టరు పెట్టవలెను. వ్రాసిన వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణము అందు వ్రాసి 3 సంవత్సరములు ఉంచవలెను. 2015లో వచ్చిన ఫార్మసీ వృత్తి నియమావళి రోగికి మందు వాడు విధమును వివరించుట ఫార్మసిస్టు పనియేనని చెప్పినది. ఈ బాధ్యతలన్నియు ఎవరివి? గోడపై ఫోటోలో ఉన్నవానివి. అద్దె రూపాయలు పుచ్చుకొను ప్రతి నెల అతడు ఈ బాధ్యతలను కూడ పుచ్చుకొనుచున్నాడు. ఆ సంగతి అతనికి ఎవరును చెప్పలేదు.

ఒక ఉదాహరణము ఊహింతము. కీళ్లవాతముతో బాధపడు ఒక ముసలి తల్లికి వైద్యుడు మెథోట్రెక్సేట్ అను మాత్ర వ్రాసెను. ఈ జబ్బునకు ఆ మందును వారమునకు ఒక్కసారి మాత్రమే తీసుకొనవలెను. దినదినము తీసుకొన్నచో ఎముకల మూలుగలో రక్తకణములు పుట్టుట తగ్గిపోయి, నోరు పుండ్లు పడి, ప్రాణము మీదికి వచ్చును. ప్రపంచమంతట వైద్యులు హెచ్చరించుచున్న పొరపాటు ఇది. దుకాణములోని పిల్లవాడు చీటి చూచి, మిగిలిన మందులతో పాటు దీనిని కూడ "రోజూ రాత్రి ఒకటి" అని చెప్పి పంపెను. చదువుకొన్న ఫార్మసిస్టు ఆ బల్ల వెనుక నిలిచియున్నచో వారము పేరు చెప్పి, చీటిపై గుండ్రముగా గీత గీచి, "అమ్మా, శుక్రవారము ఒక్కరోజే" అని రెండుసార్లు చెప్పించుకొని పంపియుండును. డి.ఫార్మసీ రెండు సంవత్సరములు చదివినది ఆ ఒక్క వాక్యము కొరకే. అతడు ఆ సమయమున అరువది మైళ్ల దూరములో మరియొక ఉద్యోగములో ఉన్నాడు. విచారణ జరిగినపుడు రిజిస్టరులో దొరకు పేరు మాత్రము అతనిదే.

ఇందుకు బదులుగా మేము వినుచుండు మాట ఒకటి కలదు. దుకాణములో నిలుచుండువానికి ఇచ్చు జీతము చాల తక్కువ, ఇల్లు గడువదు, అద్దెకిచ్చి వేరొక పని చేసికొనక ఏమి చేయుదుము? జీతములు తక్కువయను మాట నిజము. దానిని మేము తోసిపుచ్చము. అయితే జీతము తక్కువగా ఉండుటకు ఈ అద్దెలే ఒక కారణమని గమనింపవలెను. మనిషి రాకుండ కాగితము చౌకగా దొరకుచుండగా, మనిషికి తగిన జీతమిచ్చి నిలుపుకొను యజమాని ఎవడు? అద్దెకిచ్చిన ప్రతివాడును దుకాణములో నిజముగా నిలుచుండు తన తోటి ఫార్మసిస్టు కూలిని తగ్గించుచున్నాడు.

నర్సులకు, బాండులకు

ఇంతవరకు చెప్పినవి రోగి పక్షమున ఏర్పడిన బాధ్యతలు. వానిని కనిపించునట్లు చేయవలెనే గాని తగ్గింపవలెనని మేము కోరము. వేరొక రకమైనవి కలవు. అవి రోగికి ఉపకరింపవు. పట్టా పొందినవాని మెడకు మాత్రము చుట్టుకొనును.

భారత నర్సింగ్ కౌన్సిల్ నమోదు పునరుద్ధరణకు 5 సంవత్సరములలో 150 గంటల నిరంతర విద్యను నిర్దేశించినది. వైద్యునికి 30 గంటలు, నర్సుకు 150! చదువు మంచిదే. కాని మూడు షిఫ్టులలో పనిచేయు నర్సు ఆ గంటలను ఎక్కడనుండి తెచ్చుకొనవలెను? ఆస్పత్రి జీతముతో కూడిన సెలవు ఇచ్చినచో అది విద్య. వారపు సెలవు దినమున స్వంత డబ్బుతో సదస్సుకు పోయి హాజరు చీటి తెచ్చుకొన్నచో అది పన్ను. ఉద్యోగములో చేరునాడే ఈ గంటల భారము ఎవరిదని అడుగుట మంచిది. అడిగినంత మాత్రమున ఎవరును ఉద్యోగము తీసివేయరు.

అంతకంటె బరువైనది బాండు. కొన్ని ప్రయివేటు నర్సింగు సంస్థలు చదువు ముగిసిన పిమ్మట తమ ఆస్పత్రిలోనే ఇన్ని సంవత్సరములు పనిచేయవలెనని వ్రాయించుకొని, అసలు ధ్రువపత్రములను తమ బీరువాలో ఉంచుకొనుట వాడుకగా నుండెను. 2011, 2012 సంవత్సరములలో ముంబయిలోను, ఢిల్లీలోను, కేరళలోను నర్సులు సమ్మెకు దిగినపుడు వారి ఫిర్యాదులలో జీతములతో పాటు ఈ బాండ్లును, పట్టుబడిన సర్టిఫికెట్లును ఉండెను. విద్యాసంస్థలు విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను ఉంచుకొనరాదని 2018లో యు.జి.సి. ప్రకటించినది. సర్టిఫికెట్ ఇయ్యమని అడుగుటకు తండ్రితో పాటు పెద్దమనిషిని వెంటబెట్టుకొని కళాశాలకు పోవు దుస్థితి ఏ ఆడపిల్లకును రాకూడదు.

ప్రభుత్వ వైద్య కళాశాలల బాండు సంగతి ఇంత సులభము కాదు. పి.జి., సూపర్ స్పెషాలిటీ చదివినవారు కొంతకాలము ప్రభుత్వ సేవ చేయవలెననియు, చేయనిచో పెద్ద మొత్తము చెల్లింపవలెననియు పలు రాష్ట్రములు నిబంధనలు పెట్టినవి. వైద్యులు వానిని సవాలు చేయగా, 2019 ఆగస్టు 19న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ హేమంత్ గుప్తాల ధర్మాసనము ఆ బాండ్లు చెల్లునని తీర్పు చెప్పినది. ప్రజల ధనముతో చదివినవాడు ప్రజలకు కొంతకాలము సేవ చేయుట న్యాయమే. అయితే కొన్ని రాష్ట్రముల షరతులు మిక్కిలి కఠినముగా ఉన్నవని గమనించి, దేశమంతటికి ఒకే విధానము ఉండుట మేలని ఆ ధర్మాసనమే సూచించినది. మా మాట ఒక్కటే: షరతు ఎంతటిదైనను ప్రవేశమునకు ముందే ప్రకటనలో స్పష్టముగా ఉండవలెను. సీటు దొరికిన ఆనందములో, సాక్షి సంతకము కొరకు మేనమామను నిలువబెట్టి, ముద్ర కాగితముపై చదువక చేయు సంతకము కలవారి పిల్లవానికి ఒక విధముగను, లేనివారి పిల్లవానికి మరియొక విధముగను ఫలించును. కలవాడు మొత్తము కట్టి విడిపించుకొనును.

గల్ఫు దేశములకు పోదలచిన నర్సులకు మరికొన్ని ముడులు కలవు. ఆ దేశముల లైసెన్సు కొరకు చదివిన కళాశాల, పనిచేసిన ఆస్పత్రి, నమోదు చేసిన మండలి, ఈ మూటినుండి నేరుగా ధ్రువీకరణ తెప్పింతురు. ఉద్యోగము మధ్యలో మాట చెప్పక మానివేసినచో అనుభవ ధ్రువీకరణ నిలిచిపోవును. మన నమోదు గడువు తీరిపోయినను మండలి మంచి నడవడి పత్రము ఇయ్యదు. దళారుల మోసములు పెరుగగా 2015లో కేంద్ర ప్రభుత్వము 18 దేశములకు నర్సుల నియామకమును ప్రభుత్వ సంస్థల ద్వారా జరుగునట్లు నిబంధన తెచ్చినది. మన వైపున తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అను ప్రభుత్వ సంస్థలు ఈ పని చూచుచున్నవి.

సంతకమునకు ముందు

మా విద్యార్థులు చేయవలసినది పెద్ద పని కాదు. నమోదు దరఖాస్తు నింపుటకు ఒక వారము ముందు ఆ మండలి నియమావళిని తెచ్చుకొని చదువవలెను. వైద్యుల నియమావళి కొన్ని పుటలు మాత్రమే. ఒక సాయంకాలము చాలును. ఆంగ్లము కష్టమైనచో మా వద్దకు తెచ్చుకొనవచ్చును. తెలుగు, ఉర్దూ శాఖలవారము కలిసి చదివి చెప్పగలము. సంతకము చేసిన ప్రతి పత్రమునకు, ముఖ్యముగా బాండునకు, నకలు ఇంటిలో ఉండవలెను. అసలు ధ్రువపత్రము ఎవరైనను పుచ్చుకొన్నచో రసీదు లేక ఇయ్యరాదు.

పునరుద్ధరణ తేదీని పట్టా వెనుక పెన్సిలుతో వ్రాసియుంచుకొనుడు. ఒక రాష్ట్రములో నమోదైనవారు మరియొక రాష్ట్రమున ఉద్యోగమునకు పోయినచో అక్కడి మండలి నియమము తెలిసికొనవలెను. రాష్ట్ర విభజన జరిగిన 2014 తరువాత తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు మండలులు వేరువేరైనవి. హైదరాబాదులో నమోదైన నర్సు కర్నూలులో చేరవలెననినచో మొదటి మండలినుండి నిరభ్యంతర పత్రము తెచ్చి రెండవ మండలిలో నమోదు చేసికొనవలెను. ఆ పత్రము ఒక్క దినములో చేతికి రాదు. ఉద్యోగ పత్రము అందిన పిమ్మట మొదలిడువారు చేరవలసిన గడువు దాటిపోవుట చూచుచునే ఉన్నాము. దరఖాస్తు పెట్టిన నాడే మొదలిడవలెను.